"బృందం" అనే మాట వెనుక: మింగస్ ధ్వనిముద్రణల పట్టిక, హైదరాబాదు పాతబస్తీ ఖవ్వాలీ

వ్యాససంగ్రహం

గ్రామఫోను రికార్డు నాయకుడి పేరు చెబుతుంది. అతని చుట్టూ కూర్చున్నవారిని "బృందం" అనే ఒక్క మాటలో చేర్చివేస్తుంది. అమెరికన్ జాజ్ సంగీతంలో బాస్ వాద్యకారుడుగా, బృందనాయకుడుగా ప్రసిద్ధుడైన చార్లెస్ మింగస్ (1922-1979) ధ్వనిముద్రణలు ఏ పద్ధతిలో నమోదయ్యాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ పద్ధతి హైదరాబాదు పాతబస్తీ దర్బారు నీడలో పెరిగిన ఖవ్వాలీ పరంపరకు, ముఖ్యంగా అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ, ముంషీ రజీయుద్దీన్ శాఖలకు ఎంతవరకు ఉపయోగపడుతుందో, ఎక్కడ చాలదో చర్చిస్తుంది.

కీలక పదాలు: ఖవ్వాలీ, పాతబస్తీ, ధ్వనిముద్రణ, డిస్కోగ్రఫీ, వార్సీ పరంపర, జాజ్, హమ్‌నవా.

1. ఉపోద్ఘాతం

1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో తొలి విడత ధ్వనిముద్రణలు జరిపినప్పుడు, గౌహర్ జాన్ వంటి గాయనులు పాట చివర తమ పేరు తామే ప్రకటించేవారు. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్ కర్మాగారంలో. అక్కడి పనివారికి ఏ పాట ఎవరిదో తెలియడానికి ఈ ప్రకటన అవసరమైంది. ఆ క్షణంలో ఒక పేరు భద్రమైంది. అదే గదిలో సారంగి పట్టినవారి పేరు, తబలా వాయించినవారి పేరు ఆ ప్రకటనలో చేరలేదు. వ్యాపార అవసరం కోసం మొదలైన ఈ అలవాటు తరువాత రికార్డు చీటీలకు, కంపెనీ జాబితాలకు, వాటి ఆధారంగా రాసిన సంగీత చరిత్రలకు కూడా సంక్రమించింది.

ఒక్క గాయని పాడే ఠుమ్రీ విషయంలో ఈ లోపాన్ని సరిపెట్టుకోవచ్చు. ఖవ్వాలీ విషయంలో సరిపెట్టుకోవడం కష్టం. అది స్వభావరీత్యానే బృందగానం. నాయకుడు అందించిన పాదాన్ని తక్కినవారు అందుకోకపోతే అక్కడ పాట లేదు. అయినా ఖవ్వాలీ రికార్డుల మీద సాధారణంగా కనిపించేది ఒక పేరు, దాని పక్కన "అండ్ పార్టీ" లేదా "ఔర్ సాథీ". ఉర్దూలో గౌరవంగా చెప్పేటప్పుడు "ఔర్ హమ్‌నవా" అంటారు. హమ్‌నవా అంటే స్వరం కలిపేవాడు. తెలుగులో దానికి సరిగ్గా సరిపోయే మాట "వంత". బుర్రకథలో కథకుడికి ఇరువైపులా నిలబడే ఇద్దరు వంతలు లేనిదే కథ నడవదు. కానీ "వంత పాడటం" నేటి తెలుగులో నిందార్థకంగా మిగిలింది. హమ్‌నవా అనే ఉర్దూ మాటకు ఆ గతి పట్టలేదు. అయితే గౌరవం మాటలో నిలిచినా పేరు మాత్రం చీటీ మీదికి ఎక్కలేదు.

నాయకుడి పేరుతో వెలువడిన ధ్వనిముద్రణ ఎవరి కృతి అనే ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. ఈ ప్రశ్నను ఇరవయ్యో శతాబ్దంలో అత్యంత శ్రద్ధగా ఎదుర్కొన్నది జాజ్ సంగీత లోకం. పాతబస్తీ గురించి రాయబోతూ ముందుగా న్యూయార్క్‌కు వెళ్లవలసిన కారణం అదే.

2. జాజ్ పట్టిక: ఒక బాస్ వాద్యకారుడి ఉదాహరణ

1936లో పారిస్‌లో షార్ల్ దెలోనె "హాట్ డిస్కోగ్రఫీ" అనే గ్రంథం ప్రకటించాడు. జాజ్ రికార్డులను కంపెనీ పేరుతోనో పాట పేరుతోనో కాక, ధ్వనిముద్రణ జరిగిన సందర్భాన్ని ప్రమాణంగా తీసుకొని వర్గీకరించడం అక్కడినుంచి స్థిరపడింది. ఏ రోజు, ఏ స్టూడియోలో, ఏ వాద్యం ఎవరి చేతిలో ఉంది, ఎన్నో ప్రయత్నం రికార్డుగా వెలువడింది అనే వివరాలు పట్టికలో చేరాయి. బ్రయన్ రస్ట్ వంటివారు దీన్ని జీవితకాలపు కృషిగా మార్చుకున్నారు. ఇది విశ్వవిద్యాలయాలలో పుట్టిన శాస్త్రం కాదు. రికార్డులు సేకరించే అభిమానుల పట్టుదలలోనుంచి పుట్టింది. తెలుగునాట పాటల పుస్తకాలు, సినిమా కరపత్రాలు దాచుకున్న అభిమానులను పరిశోధకులు ఇంకా కొంత చిన్నచూపు చూడటం ఈ సందర్భంలో గుర్తుకు రాక మానదు.

ఈ పద్ధతి విలువ చార్లెస్ మింగస్ విషయంలో స్పష్టంగా తెలుస్తుంది. ఆయన వాద్యం బాస్. మనిషి నిలువెత్తున ఉండి, మంద్రస్థాయిలో పలికే తంత్రీవాద్యం అది. జాజ్ బృందంలో దాని పని లయను, స్వరసంగతుల పునాదిని మోయడం. శ్రోత సాధారణంగా దానిని విడిగా వినడు, అది ఆగిపోయినప్పుడు మాత్రం లోటు తెలుస్తుంది. 1925లో విద్యుత్ ధ్వనిముద్రణ రాకముందు, కొమ్ముగొట్టం ముందు నిలబడి పాడే రోజులలో మంద్రధ్వనులు రికార్డు మీద సరిగా పడేవి కావు. అందుకే తొలినాటి జాజ్ రికార్డులలో బాస్ స్థానాన్ని తరచుగా ట్యూబా అనే ఊదే వాద్యం ఆక్రమించింది. అటువంటి వాద్యం పట్టిన వ్యక్తి నాయకుడు కావడమే విశేషం.

1953 మే 15న టొరాంటోలోని మాసీ హాలులో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ, బడ్ పావెల్, మ్యాక్స్ రోచ్‌లతో కలిసి మింగస్ వాయించిన కచేరీ జాజ్ చరిత్రలో ప్రసిద్ధమైనది. దానిని వెలువరించినది మింగస్, రోచ్‌లు 1952లో స్వయంగా స్థాపించుకున్న డెబ్యూ రికార్డ్స్ సంస్థ. టేపు విన్నప్పుడు బాస్ చాలాచోట్ల వినిపించనంత బలహీనంగా ఉంది. మింగస్ న్యూయార్క్ తిరిగి వచ్చాక స్టూడియోలో తన భాగాన్ని మళ్లీ వాయించి ఆ టేపు మీద చేర్చాడు. పార్కర్ పేరు కూడా ఒప్పందపు చిక్కుల వల్ల "చార్లీ చాన్" అని అచ్చయింది. అంటే ఆ రికార్డు మీద ఒక పేరు మారుపేరు, ఒక వాద్యం ఆనాటిది కాదు. పట్టిక ఈ రెండింటినీ నమోదు చేసింది కనుకనే నేటి పరిశోధకుడు ఆ రికార్డును ఆ సాయంత్రపు యథాతథ సాక్ష్యంగా పొరబడడు. సంస్థ తన సొంతం కావడం వల్ల మింగస్ తన వాద్యాన్ని వినిపించేట్టు చేసుకోగలిగాడు. అటువంటి అవకాశం ఢోలక్ వాద్యకారులలో ఎంతమందికి దక్కి ఉంటుంది?

1959 మే 5, 12 తేదీలలో కొలంబియా సంస్థ 30వ వీధి స్టూడియోలో రూపొందిన "మింగస్ ఆ ఉమ్" మరో ఉదాహరణ. ఆ స్టూడియో ఒకప్పుడు చర్చి. జాన్ హ్యాండీ, బుకర్ ఎర్విన్, షఫీ హాదీ శాక్సఫోన్లు. జిమ్మీ నెపర్, విల్లీ డెనిస్ ట్రాంబోన్లు. హొరేస్ పార్లన్ పియానో. డానీ రిచ్మండ్ డ్రమ్ములు. ఈ పేర్లు తెలియడం వల్ల కలిగే ప్రయోజనం చిన్నది కాదు. ఇదే జాన్ హ్యాండీ 1975లో ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్‌తో కలిసి "కరుణా సుప్రీమ్" రికార్డు చేశాడు. ఒక అమెరికన్ బృందంలో వాయించిన మనిషి పదహారేళ్ల తరువాత హిందుస్తానీ సరోద్ పక్కన కూర్చున్నాడని పట్టిక చూసి చెప్పవచ్చు. రెండు సంగీతాల మధ్య సంబంధం గురించి ఎన్ని సిద్ధాంతాలైనా చేయవచ్చు, కానీ ఆ సంబంధం నడిచి వెళ్లిన కాళ్లు ఎవరివో ఇటువంటి పట్టికే చూపుతుంది.

ఆ రికార్డులోని కొన్ని రచనలను ఎల్పీ నిడివికి సరిపెట్టడానికి కత్తిరించారు. కత్తిరించని పాఠాలు మింగస్ మరణించిన 1979లో వెలువడ్డాయి. అర్కన్సాస్ గవర్నరు ఫాబస్‌ను ఎగతాళి చేసే "ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్" రచనకు ఉన్న మాటలను కొలంబియా సంస్థ అంగీకరించలేదు, వాద్యసంగీతం మాత్రమే వచ్చింది. 1960లో క్యాండిడ్ అనే చిన్న సంస్థకు చేసిన రికార్డులో మాటలతో సహా వినిపించింది. తాళపత్రాల పాఠభేదాలతో పరిచయం ఉన్న తెలుగు పరిశోధకులకు ఇది కొత్త సమస్య కాదు. ఒకే కృతికి రెండు పాఠాలు ఉన్నప్పుడు ఏది ప్రమాణం అనే ప్రశ్న ఇక్కడ ధ్వనిరూపంలో ఎదురవుతోంది, అంతే.

క్యాండిడ్ రికార్డులో మరొక విశేషం ఉంది. అది స్టూడియోలో, శ్రోతలు లేకుండా జరిగింది. అయినా మింగస్ రచనలకు ముందు మాట్లాడుతూ, తాను ఏదో క్లబ్బులో ఉన్నట్టు, గ్లాసుల చప్పుడు చేయవద్దని ఎదురుగా లేని జనాన్ని కోరుతాడు. శ్రోత లేనిచోట శ్రోతను కల్పించుకోవలసి రావడం ఖవ్వాలీ చరిత్రకారుడిని ప్రత్యేకంగా ఆకర్షించవలసిన విషయం.

3. పాతబస్తీకి వచ్చిన ఢిల్లీ గొంతులు

హైదరాబాదు ఖవ్వాలీ పరంపర ఢిల్లీకి చెందిన "ఖవ్వాల్ బచ్చే" ఘరానా శాఖ. అమీర్ ఖుస్రో కాలం నుంచి తమ గురుపరంపరను లెక్కించుకునే సంప్రదాయం అది. 1857 తిరుగుబాటు అణచివేతతో మొఘలు దర్బారు అంతరించినప్పుడు ఢిల్లీ సంగీతకారులు ఆశ్రయం వెతుక్కుంటూ సంస్థానాలకు చెదిరిపోయారు. బహదూర్ షా జఫర్ దర్బారులో ప్రసిద్ధుడైన తాన్‌రస్ ఖాన్ అలా బయలుదేరి చివరకు హైదరాబాదు చేరాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నివసించిన పురానీ హవేలీ, దర్బారులు జరిగే చౌమహల్లా రెండూ పాతబస్తీలోనివే. వార్సీ కుటుంబ కథనం కూడా ఇటువంటిదే. తమ పూర్వికుడు ముహమ్మద్ సిద్దీఖ్ ఖాన్ మొఘలు దర్బారు గాయకుడని, 1857 తరువాత హైదరాబాదు వచ్చాడని వారు చెబుతారు. "వార్సీ" అనేది వంశనామం కాదు. దేవా షరీఫ్‌కు చెందిన హాజీ వారిస్ అలీ షా శిష్యపరంపరను సూచించే పేరు.

ఈ గాయకులకు పోషణ రెండు వైపులనుంచి లభించేది. ఒకటి దర్బారు, జాగీర్దార్ల దేవిడీలు. రెండవది దర్గాలలో ఉర్సు దినాల సమా. 1948 సెప్టెంబరులో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది, 1949లో జాగీర్ల రద్దు జరిగింది. మొదటి ఆధారం ఏడాది తిరగకుండానే కూలిపోయింది. తెలంగాణ రైతుకు జాగీర్ల రద్దు విముక్తి. దేవిడీ మెట్ల మీద కూర్చున్న గాయకుడికి అదే సంఘటన జీవనోపాధి పోవడం. ఈ రెండూ ఒకేసారి నిజమని ఒప్పుకోకుండా ఆనాటి చరిత్ర రాయడం సాధ్యం కాదు.

అప్పుడు పరంపర రెండుగా చీలింది. తాన్‌రస్ ఖాన్ వంశీయుడు, నిజాం ఆస్థాన గాయకుడు అయిన ముంషీ రజీయుద్దీన్ (1912-2003) కరాచీ వెళ్లాడు. 1956 నుంచి 1966 వరకు ఆయన, మంజూర్ నియాజీ, బహావుద్దీన్ ఖాన్ మొదలైన జ్ఞాతులు ఒకే బృందంగా పాడారు. ఆ బృందం మంజూర్ నియాజీ పేరుతో చలామణి అయింది. ఇక్కడే పట్టిక సమస్య మొదలవుతుంది. తరువాత ఎవరికి వారు నాయకులై సొంత బృందాలు నడిపిన గాయకులు ఆ పదేళ్లూ ఒక్క పేరు వెనుక "హమ్‌నవా"లుగా ఉన్నారు. నాయకుడి పేరును బట్టి రికార్డులు వర్గీకరిస్తే రజీయుద్దీన్ ధ్వనిముద్రణల చరిత్ర 1966 తరువాత మొదలైనట్టు కనిపిస్తుంది. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు దాటాయి.

అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ హైదరాబాదులోనే ఉండిపోయాడు. 1971లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఆయన కుమారుడు జహీర్ అహ్మద్ ఖాన్ వార్సీ, మనుమలు నజీర్ అహ్మద్ ఖాన్, నసీర్ అహ్మద్ ఖాన్ ఆ పరంపరను కొనసాగించారు. మనుమలిద్దరూ "వార్సీ బ్రదర్స్"గా 2014 సంవత్సరపు సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు.

ఉండిపోయినవారి రికార్డులు భారతీయ సంస్థల జాబితాలలో, వెళ్లినవారివి పాకిస్తానీ జాబితాలలో చేరాయి. ఒకే ఊరి దర్గాలలో విని నేర్చుకున్న ఖుస్రో పాఠాలు రెండు దేశాల సంగీతంగా విడివిడిగా నమోదయ్యాయి. రజీయుద్దీన్ కుమారుడు ఫరీద్ అయాజ్ 1952లో హైదరాబాదులో పుట్టాడు. 2011లో పాకిస్తాన్ కోక్ స్టూడియోలో ఆయన, అబూ ముహమ్మద్ పాడిన "కంగ్నా"ను తరువాత మీరా నాయర్ "ది రిలక్టెంట్ ఫండమెంటలిస్ట్" చిత్రంలో ఉపయోగించింది. దానిని విన్న లక్షలాది శ్రోతలలో దాని మూలాలలో ఒకటి మూసీ ఒడ్డున ఉందని తెలిసినవారు కొద్దిమందే అయివుంటారు. యాదృచ్ఛికమే కావచ్చు, ఆ వేదిక మీద ఖవ్వాలీ వెనుక బేస్ గిటార్ కూడా ఉంది. రజీయుద్దీన్ వద్ద శిక్షణ పొందిన నసీరుద్దీన్ సామీ రికార్డు "గాడ్ ఈజ్ నాట్ ఎ టెర్రరిస్ట్" 2019లో యూరప్‌లో వెలువడింది. వీటన్నిటినీ పాతబస్తీ దర్బారు శాఖలుగా కలిపి చూపే పట్టిక అవసరం. దేశాల సరిహద్దును బట్టి కాక గురుపరంపరను బట్టి వర్గీకరిస్తేనే అది సాధ్యమవుతుంది.

4. మూడు నిమిషాల సమా

పది అంగుళాల 78 వేగపు రికార్డు ఒక పక్క నిడివి సుమారు మూడు నిమిషాలు. సమాలో ఒక కలామ్ అరగంట సాగవచ్చు, అంతకు మించవచ్చు. ఈ తేడా కేవలం నిడివికి సంబంధించినది కాదు.

రెగులా ఖురేషీ 1986లో ప్రకటించిన "సూఫీ మ్యూజిక్ ఆఫ్ ఇండియా అండ్ పాకిస్తాన్" ఈ రంగంలో మూలగ్రంథం. ఆమె ప్రధాన ప్రతిపాదన ఏమిటంటే, ఖవ్వాలీలో పాట రూపాన్ని నిర్ణయించేది గాయకుడొక్కడే కాదు, ఎదురుగా ఉన్న శ్రోత కూడా. ఏ పాదానికి ఎవరు చలించారో, ఎవరు నజరానా ఇవ్వడానికి లేచారో నాయకుడు గమనిస్తూ ఉంటాడు. ఆ పాదాన్ని తిప్పి తిప్పి పాడతాడు. మధ్యలో మరో కవి పద్యం తెచ్చి అతికిస్తాడు, దీన్ని గిరహ్ కట్టడం అంటారు. శ్రోత తన్మయావస్థలోకి వెళితే, అతడు తేరుకునే వరకు ఆ పాదం విడవకూడదన్నది సమా మర్యాద. ఈ లెక్కన శ్రోత కూడా ఒక విధంగా సహకర్త.

స్టూడియోలో ఆ శ్రోత లేడు. నాయకుడు ఎవరిని చూసి పాదం తిప్పాలి? ఎవరి కోసం గిరహ్ కట్టాలి? 78 వేగపు రికార్డులో ముందే ఎంచుకున్న కొన్ని చరణాలు, ముందే లెక్కించిన ఆవృత్తులు మిగులుతాయి. ఎల్పీ వచ్చాక ఒక పక్క ఇరవై నిమిషాలకు పైగా చోటు దొరికింది, క్యాసెట్‌తో మరింత విస్తరించింది. కానీ నిడివి పెరిగినంత మాత్రాన శ్రోత తిరిగి రాడు. ధ్వనిముద్రణ మతసంగీతానికి ఏమి చేసిందన్న విషయాన్ని ఖురేషీ తరువాతి వ్యాసంలో విడిగా చర్చించడం, ఉత్తర భారత క్యాసెట్ పరిశ్రమపై పీటర్ మాన్యుయెల్ 1993లో సమగ్ర గ్రంథం రాయడం ఇందుకే ముఖ్యమైనవి.

ఈ నేపథ్యంలో మింగస్ క్లబ్బు నటన మళ్లీ గుర్తుకు వస్తుంది. ఆయన చేసినది ఒక రకమైన నాటకం. ఖవ్వాలీ రికార్డులలో ఆ నాటకం వేరే రూపంలో వినిపిస్తుంది. బృందంలోని వారే నాయకుడి పాదానికి "వాహ్" అంటారు, "సుబహానల్లాహ్" అంటారు. సమాలో శ్రోత చేయవలసిన పనిని స్టూడియోలో హమ్‌నవా చేస్తున్నాడు. అంటే అతడు గాయకుడే కాక శ్రోతకు ప్రతినిధి కూడా. అతని పేరు నమోదు కాకపోవడం వల్ల రెండు పాత్రలు ఒకేసారి అదృశ్యమవుతున్నాయి.

చప్పట్లది మరో కథ. "మింగస్ ఆ ఉమ్"లోని తొలి రచన "బెటర్ గిట్ ఇట్ ఇన్ యువర్ సోల్"లో వాద్యాలు వెనక్కి తగ్గి చప్పట్లు ముందుకు వచ్చే ఘట్టం ఉంది. మింగస్ బాల్యంలో విన్న నల్లజాతివారి చర్చి ప్రార్థనల జ్ఞాపకం అది. ఖవ్వాలీలో చప్పట్లు లయకు ఆధారం. నాయకుడి వెనుక కూర్చున్నవారు పాట పొడవునా అరచేతులతో తాళాన్ని మోస్తారు. జాజ్ విమర్శకుడు ఆ చప్పట్లను విశేషంగా గుర్తించి రాశాడు. ఖవ్వాలీ విమర్శకుడు వాటిని గాలిలాగా సహజమనుకొని వదిలివేశాడు. దక్కను ఖవ్వాలీకి చప్పట్లలో సొంత నడక ఏదైనా ఉందా అన్నది రికార్డులు పక్కపక్కన పెట్టి విని తేల్చవలసిన విషయం. ఆ పనికి కూడా ముందు పట్టిక కావాలి.

5. "గర్మ్ హవా": ఊరు మారిన గొంతు

అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ గానాన్ని విస్తృత ప్రజానీకానికి చేర్చినది సినిమా. ఎం.ఎస్. సత్యు దర్శకత్వంలో 1973లో పూర్తయిన "గర్మ్ హవా"కు ఇస్మత్ చుగ్తాయ్ కథ ఆధారం. కైఫీ ఆజ్మీ, షమా జైదీ రచన చేశారు, ఉస్తాద్ బహదూర్ ఖాన్ సంగీతం అందించాడు. అందులో సలీం చిష్తీపై వచ్చే ఖవ్వాలీ మాత్రం వార్సీ స్వయంగా కూర్చి పాడినది. ఆగ్రా సమీపంలోని ఫతేపూర్ సీక్రీలో ఆమినా, షంషాద్‌ల మధ్య అనురాగం పెరిగే ఘట్టానికి అది నేపథ్యం.

దేశవిభజన తరువాత ఊరు విడవాలా, ఉండాలా అని కొట్టుమిట్టాడే ఆగ్రా ముస్లిం కుటుంబం ఈ చిత్రానికి వస్తువు. అటువంటి చిత్రానికి గొంతు ఇచ్చినవాడు, తన ఘరానా సోదరులు కరాచీ వెళ్లగా తాను హైదరాబాదులో ఉండిపోయిన గాయకుడు. ఇది దర్శకుడి ఉద్దేశమని చెప్పడం అతివ్యాఖ్య అవుతుంది. కానీ చరిత్రకారుడికి ఈ సామ్యం కనబడకుండా ఉండదు.

పద్ధతి దృష్ట్యా మరొకటి గమనించాలి. డబ్బు చాలక ఈ చిత్రాన్ని ధ్వని లేకుండా చిత్రించి, శబ్దాలన్నీ తరువాత జతచేశారు. కాబట్టి తెరమీద కనిపించే దర్గాకు, చెవికి వినిపించే గదికి మధ్య దూరం ఉంది. మాసీ హాలు టేపు మీద మింగస్ తరువాత చేర్చిన బాస్ లాంటిదే ఈ పరిస్థితి. సీక్రీ సమాకు ఇది సాక్ష్యం కాదు. హైదరాబాదు శైలికి సాక్ష్యం. ఈ వివేచన చేయకుండా చిత్రగీతాల జాబితాలో దీనిని ఒక పాటగా చేర్చడంతో సరిపెడితే, ఈ గొంతు ఏ ఊరిదో కూడా మరుగున పడుతుంది. 2014లో ఈ చిత్రం పునరుద్ధరణ పొంది మళ్లీ విడుదలైంది, అంటే ఆ ఖవ్వాలీ కొత్త తరానికి మరొకసారి చేరింది. సినిమా పత్రికలు బల్రాజ్ సాహ్నీ నటన గురించి మళ్లీ రాశాయి. అది న్యాయమే. హైదరాబాదు ఊసు అంతగా రాలేదు.

6. తెలుగులో ఈ చరిత్రకు చోటు

తెలుగులో సంగీత చరిత్ర అంటే చాలాకాలం కర్ణాటక సంగీత చరిత్రే. తిరువయ్యారు నుంచి విజయనగరం వరకు విస్తరించిన ఆ పటంలో చార్మినారు పరిసరాలు కనిపించవు. ఈ లోటును ఒంటిచేత్తో పూరించడానికి పూనుకున్నవాడు డాక్టర్ సామల సదాశివ (1928-2012). ఆదిలాబాదులో ఉంటూ, ఉర్దూ, పారశీక సాహిత్యాలలో మునిగి, హిందుస్తానీ గాయకుల జీవితాలను కబుర్ల ధోరణిలో తెలుగు పాఠకులకు పరిచయం చేశాడు. "స్వరలయలు" గ్రంథానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన రచనలలోని జ్ఞాపకాలు, విన్న కచేరీల ముచ్చట్లు పరిశోధకుడికి విలువైన మౌఖిక ఆధారాలు. అయితే ఆయన దృష్టి ప్రధానంగా నాయక గాయకుల మీద ఉంది. అది ఆ తరం రసికుల దృష్టి. తరువాతి తరం చేయవలసింది ఆ ముచ్చట్లకు తేదీలు, బృందాల వివరాలు, రికార్డు సంఖ్యలు జతచేయడం.

ఖవ్వాలీ ఉర్దూ, పారశీక, హిందవీ భాషలలో ఉంది కనుక తెలుగు శాఖల పరిధిలోకి రాదనే అభ్యంతరం వినిపించవచ్చు. త్యాగరాజు తమిళదేశంలో ఉండి రచించిన కృతులను భాష కారణంగా తెలుగు చరిత్రలో చేర్చుకున్నవారు, తెలుగునేల మీద శతాబ్దానికి పైగా సాగిన గానాన్ని భాష కారణంగానే వెలుపల పెట్టడంలో ఒక తర్కం ఉంది. కానీ ఆ తర్కం ప్రకారం రాసినది తెలుగు భాషా సంగీత చరిత్ర మాత్రమే అవుతుంది. దానికి ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల సంగీత చరిత్ర అని పేరు పెట్టకూడదు.

7. పట్టిక ఎలా ఉండాలి

మింగస్ మరణించాక ఆయన రచనలను జాబితా చేస్తున్న క్రమంలో "ఎపిటాఫ్" అనే బృహద్రచన స్వరప్రతులు బయటపడ్డాయి. రెండు గంటలకు మించిన ఆ రచనను 1989లో న్యూయార్క్‌లో గుంథర్ షుల్లర్ నిర్వహణలో ముప్పైమంది వాద్యకారులు తొలిసారి పూర్తిగా వినిపించారు. జాబితా తయారు చేయడం గుమాస్తా పని అనుకునేవారికి ఇది సమాధానం. అక్కడ కృతి దొరికింది జాబితా రాస్తుండగానే. ఆయన భార్య సూ మింగస్ అనధికార రికార్డుల మీద పోరాడుతూ, వాటిని దుకాణాలలోనుంచి నేరుగా ఎత్తుకువచ్చి, "రివెంజ్" పేరుతో సొంత సంస్థ పెట్టి అవే కచేరీలను అధికారికంగా వెలువరించింది. ఎవరు వాయించారో తెలిసినప్పుడే ఎవరికి ప్రతిఫలం చెందాలో అడగవచ్చు. పేరులేని హమ్‌నవాకు ఆ హక్కు అడిగే ఆధారం కూడా లేదు.

అయితే జాజ్ పట్టికను యథాతథంగా దిగుమతి చేసుకోవడం సరిపోదు. మింగస్ తన బృందానికి స్వరలిపి ఇవ్వకుండా పియానో మీద పలికించి, చెవితో నేర్పడానికే ఇష్టపడేవాడు. 1956 నాటి "పితెకాంత్రొపస్ ఎరెక్టస్" కాలానికే ఆ పద్ధతి స్థిరపడింది. ఖవ్వాల్ కుటుంబంలో నేర్పు అలాగే సాగుతుంది, కానీ అక్కడ నేర్పేవాడు తండ్రో పినతండ్రో. కాబట్టి ఖవ్వాలీ పట్టికలో వాద్యం పక్కన బంధుత్వం ఉండాలి. ముందు వరుసలో కూర్చున్న కుర్రవాడు నాయకుడికి ఎవరవుతాడు, ఏ వయసులో వెనుక వరుసనుంచి ముందు వరుసకు వచ్చాడు అన్నది ఘరానా చరిత్రకు కీలకం. రెండవది సందర్భం: స్టూడియోనా, ఆకాశవాణినా, ఉర్సా, పెళ్లి ఇల్లా, సినిమానా. మూడవది పాఠం: ఖుస్రో కలామ్‌లోకి ఎవరెవరి పద్యాలు గిరహ్‌గా వచ్చాయి, అవి పారశీకమా, ఉర్దూనా, దక్కనీనా. దక్కనీ గిరహ్‌లు కట్టిన సందర్భాలను విడిగా గుర్తిస్తే, ఢిల్లీనుంచి వచ్చిన సంప్రదాయం ఈ నేల భాషను ఎప్పుడు, ఎలా అందుకుందో రికార్డుల ఆధారంతోనే చెప్పగలిగే అవకాశం ఉంటుంది. తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి చేయవలసిన పని ఇది.

వీటిలో సందర్భం, పాఠం రికార్డు వింటూ చాలావరకు నింపవచ్చు. పేర్లు, బంధుత్వాలు అలా నింపలేం. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం 1950 ఏప్రిల్ 1న నిజాం దక్కన్ రేడియోనుంచి ఏర్పడింది. దాని టేపులలో ఉన్నా, ఇళ్లలోని క్యాసెట్లలో ఉన్నా, ఏ ఢోలక్ ఎవరి చేతిదో, రెండో గొంతు అన్నదా బావమరిదిదా అన్నది ధ్వని తనంతట తాను చెప్పదు. విని గుర్తుపట్టగలిగేది ఆ చౌకీ మీద కూర్చున్నవారు, కూర్చున్నవారి పక్కన పెరిగినవారు మాత్రమే. 1971లో పద్మశ్రీ వచ్చిననాడు ఇరవై ఏళ్ల వయసుతో వెనుక వరుసలో చప్పట్లు కొట్టినవారికి ఇప్పుడు డెబ్బై అయిదు దాటి ఉంటాయి. పరిశోధకుడు ముందుగా వెళ్లవలసింది గ్రంథాలయానికి కాదు, ఒక టేపు రికార్డరు, పాత క్యాసెట్లు పట్టుకొని వారి గుమ్మానికి.